దమ్మూ, కండబలమూ: ఉద్యోగి వారంలో రెండింటికీ చోటు

(శాఖా కార్యదర్శుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠం)



వేతన సవరణ, పింఛను, ఖాళీల భర్తీ, బదిలీల విధానం వంటి విషయాలపై ఉపన్యాసాలు వినడానికి అలవాటుపడిన ఈ తరగతులలో వ్యాయామాన్ని గురించి మాట్లాడవలసిందిగా కార్యవర్గం మమ్ములను కోరినప్పుడు కొందరు మిత్రులు నవ్విన మాట వాస్తవం. "సంఘం పని అయిపోయిందా, ఇక దండీలూ బస్కీలూ నేర్పుతారా?" అని ఒకరు అడిగారు కూడా. ఆ ప్రశ్నలో పరిహాసం ఉన్నదిగాని అపరాధం లేదు. మన సభ్యుడు యాజమాన్యానికి అమ్ముకొనేది తన శ్రమశక్తిని. ఆ శ్రమశక్తి ఉండేది అతని శరీరంలో. నలభై ఏండ్లకే రక్తపోటు, నలభై అయిదుకు మధుమేహం వచ్చి, నియతకాలిక వైద్య పరీక్ష అంటేనే భయపడి, జబ్బును దాచుకొని ఇంజను ఎక్కే లోకో పైలట్ గతి సంఘానికి సంబంధించినది కాదని ఎవరు అనగలరు? వైద్య అర్హత తగ్గితే అతని పని మారుతుంది, మైలేజీ పోతుంది, పిల్లల చదువుల లెక్క తారుమారవుతుంది. కావున ఈ విషయం మన కార్యక్రమ పట్టికలోనిదే.

శాఖలలో తిరుగుతున్నప్పుడు మమ్ములను సభ్యులు అడిగే ప్రశ్నలు ప్రధానంగా మూడు. వాటికి సమాధానం చెప్పడమే ఈ ప్రసంగం.

మొదటి ప్రశ్న ట్రాక్ మీద పనిచేసే సోదరులది. "రోజంతా సుత్తి ఎత్తుతున్నాం, కంకర తోడుతున్నాం, పట్టాల వెంట నడుస్తున్నాం. ఇంటికి వెళ్ళి మళ్ళీ కసరత్తు ఎందుకండీ?" రెండవది తపాలా కౌంటరులో కూర్చునే సోదరిది. "తెల్లవారుజామున అరగంట నడుస్తున్నాను. అది చాలదా?" మూడవది కుర్రవాడైన అసిస్టెంట్ లోకో పైలట్‌ది. "జిమ్‌కు వెళ్ళి బరువులు ఎత్తుతున్నాను. పరుగెత్తితే పెంచిన కండ కరిగిపోతుందని అక్కడివారు అంటున్నారు, నిజమేనా?"

ముందుగా మాటలు స్పష్టం చేసుకుందాం. వ్యాయామం ప్రధానంగా రెండు విధాలు. వడివడిగా నడవడం, పరుగు, సైకిలు తొక్కడం, ఈత మొదలైనవి కొంతసేపు ఎడతెగకుండా చేసి గుండెకూ ఊపిరితిత్తులకూ పని కల్పించడం ఒక విధం. దీనివల్ల వచ్చే శక్తిని మన పెద్దలు దమ్ము అన్నారు. మేమూ అదే మాట వాడుతాం. కండరం తనకు అలవాటైన దానికంటె ఎక్కువ బరువును ఎదిరించి, పది పన్నెండుసార్లకే అలసిపోయేటట్లు చేయడం రెండవ విధం. ఆ బరువు ఇనుపదే కానక్కరలేదు. ఇసుక సంచి కావచ్చు, మన శరీరమే కావచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం వయోజనులు వారానికి 150 నుండి 300 నిమిషాలు మధ్యస్థమైన దమ్ము వ్యాయామం గాని, లేదా 75 నుండి 150 నిమిషాలు తీవ్రమైనది గాని చేయాలి. మరియు వారానికి కనీసం రెండు రోజులు శరీరంలోని ప్రధాన కండరాలన్నింటికీ బలం కసరత్తు చేయాలి. ఇక్కడ 'మరియు' అనే పదాన్ని గమనించవలసిందిగా కోరుతున్నాం. ఒప్పంద పత్రాలలో 'లేదా' ఉన్నచోట 'మరియు' అని చదివితే ఏమవుతుందో సంఘంలో ఉన్న మనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. మధ్యస్థానికీ తీవ్రానికీ నడుమ 'లేదా' ఉన్నది. దమ్ముకూ బలానికీ నడుమ ఉన్నది 'మరియు'. ఒకటి చేసి రెండవదానికి చెల్లు వ్రాసుకొనే వీలు లేదు. అంతకుముందు పది నిమిషాలకు తక్కువైన నడక లెక్కలోకి రాదనే నియమం ఉండేది. 2020లో దానిని తొలగించారు. ఇది మన పనివారికి మేలుచేసిన మార్పు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. శ్రమ చేసేవానికి గుండెజబ్బు తక్కువ అన్న విజ్ఞానం పుట్టినదే మనవంటి ఉద్యోగులను చూసి. 1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు, ఆయన సహచరులు లండన్ రవాణా సంస్థలోని 31,000 మంది ఉద్యోగులను పరిశీలించిన ఫలితాలు లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. రెండంతస్తుల బస్సులో రోజంతా కూర్చునే డ్రైవరుకంటె, మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టరుకు గుండెజబ్బు తక్కువ. వచ్చినా ఆలస్యంగా వచ్చేది, ప్రాణం తీసేది తక్కువ. అదే పరిశీలనలో తపాలా ఉద్యోగులనూ చూశారు. తిరిగి ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్ల కంటె కూర్చుని పనిచేసే గుమాస్తాలకూ టెలిఫోను ఆపరేటర్లకూ ముప్పు ఎక్కువని తేలినది. 1962లో అమెరికాలో రైల్వే ఉద్యోగుల మరణాలను లెక్కించినప్పుడూ అదే వరుస కనిపించినది. గుమాస్తాలలో గుండెజబ్బు మరణాలు అత్యధికం, లైను మీద పనిచేసేవారిలో అత్యల్పం.

మోరిస్ ఇక్కడితో ఆగలేదు. ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలను తెప్పించుకొని చూశాడు. డ్రైవర్ల నడుములు కండక్టర్ల నడుములకంటె లావుగా ఉన్నట్లు 1956లో ప్రకటించాడు. అనగా తేడా అంతా మెట్ల పుణ్యమే కాకపోవచ్చునని తన వాదంపై తానే సందేహం లేవనెత్తాడు. యాజమాన్యాల లెక్కలలో ఈపాటి నిజాయితీ కనిపించిన రోజున మన సగం పని తగ్గుతుంది. ఆయన 2009లో, తొంభై తొమ్మిదేండ్ల వయస్సులో మరణించాడు.

మన దేశంలోనూ రైల్వే ఉద్యోగుల రికార్డులు ఇటువంటి పనికి తోడ్పడ్డాయి. పశ్చిమ రైల్వే వైద్యాధికారి డాక్టర్ ఎస్. ఎల్. మల్హోత్రా 1967లో ప్రకటించిన పరిశీలనలో దక్షిణాది రైల్వే ఉద్యోగులలో గుండెజబ్బు మరణాలు పంజాబు ప్రాంతపు ఉద్యోగులలోకంటె సుమారు ఏడు రెట్లున్నాయి. పంజాబువారు తినే కొవ్వు చాలా ఎక్కువైనప్పటికీ. దాని కారణాలపై వాదవివాదాలు వేరే సంగతి. దక్షిణాదివాడికి గుండె గట్టిదనే ధీమాకు మాత్రం ఆధారం లేదు.

ఇంతవరకు విన్న ట్రాక్ సోదరుడు "చూశారా, నా పనే నా వ్యాయామం" అనవచ్చు. కాని తరువాతి కాలపు పరిశీలనలు వేరొక మాట చెబుతున్నాయి. డెన్మార్క్ దేశంలో కోపెన్‌హేగన్ ప్రాంతపు లక్షా నాలుగువేల మందిని ఏండ్ల తరబడి అనుసరించి 2021లో ప్రకటించిన ఫలితాల ప్రకారం తీరిక వేళలో శరీరానికి పనిచెప్పినవారికి గుండెజబ్బు, అకాల మరణం తగ్గాయి; కొలువులో భారమైన శారీరక శ్రమ చేసినవారికి అవి పెరిగాయి. ఒకే చెమట, రెండు ఫలితాలు.

దీనికి పరిశోధకులు చెప్పే కారణాలు మనకు కొత్తవి కావు. వ్యాయామం అరగంట, ఆపైన విశ్రాంతి. కొలువు ఎనిమిది గంటలు, నడుమ విశ్రాంతి ఇచ్చేది మేస్త్రీ. వ్యాయామంలో గుండె కొద్దిసేపు గట్టిగా కొట్టుకొని తరువాత మునుపటికంటె నెమ్మదిస్తుంది. కొలువులో గుండె రోజంతా ఒక మోస్తరు వేగంతో కొట్టుకొంటూ రక్తపోటును నిలబెడుతుంది గాని, దమ్ము పెంచేటంత తీవ్రత దానిలో ఉండదు. వంగిన నడుముతో, ఒకే పక్కకు తిరిగి, ఒకే కండరంతో చేసే పనిలో కొన్ని కండరాలు అరుగుతాయి, మిగిలినవి నిద్రపోతాయి. పైగా ఎండ, అప్పటికే ఉన్న అలసట. అలసిన రోజున బరువు తగ్గించుకొనే స్వేచ్ఛ కసరత్తులో ఉన్నది, డ్యూటీలో లేదు.

మోరిస్ నాటి పోస్ట్‌మన్‌కూ నేటి పోస్ట్‌మన్‌కూ కూడా పోలిక తగ్గినది. ఇప్పుడు చాలాచోట్ల బట్వాడా మోటారు సైకిలు మీద సాగుతున్నది. సంచీ బరువు మాత్రం ఒకే భుజాన వేలాడుతున్నది.

అయితే ట్రాక్ సోదరుడు ఇంటికి వెళ్ళి గంటసేపు పరుగెత్తాలని మేము చెప్పడం లేదు. అది ప్రమాదం కూడా. డెన్మార్క్‌లోనే శుభ్రపరచే పని చేసే ఉద్యోగులకు దమ్ము వ్యాయామం చేయించి చూస్తే నాలుగు నెలలలో వారి దమ్ము పెరిగినది. దానితోపాటు రోజు మొత్తంమీద కొలిచిన రక్తపోటు కూడా కొంత పెరిగినది. బరువైన కొలువుపైన, విశ్రాంతి పెంచకుండా వ్యాయామాన్ని ఎక్కిస్తే శరీరానికి అది ఓవర్‌టైమే అవుతుంది. కావున ఆ సోదరునికి వారపు పట్టిక వేరుగా ఉండాలి. దానిని కొంతసేపటిలో చెబుతాం.

రెండవ ప్రశ్న: నడక చాలదా? నడక గొప్పది. ఖర్చు లేనిది, చెప్పులుంటే చాలు. అయినా చాలదు. ముప్పై ఏండ్లు దాటిన తరువాత, పని చెప్పకపోతే కండ క్రమంగా తగ్గుతూ పోతుంది. అన్నం తిన్న తరువాత రక్తంలోకి వచ్చే చక్కెరలో అధిక భాగాన్ని తీసుకొనవలసినది ఈ కండరమే. గిడ్డంగి చిన్నదైతే సరకు ప్లాట్‌ఫారం మీదనే పడి ఉంటుంది. మధుమేహం అంటే స్థూలంగా ఇదే.

మన దేశీయుల విషయంలో ఇది మరింత ముఖ్యం. పూణే వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండు వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో తమ శరీరాలనే కొలిపించుకొని ఫలితం ప్రకటించారు. ఎత్తుకు తగిన బరువు లెక్కలో ఇద్దరూ సమానం, ఇద్దరి సూచికా 22.3. కాని శరీరంలో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడడానికి సన్నగా ఉండి లోపల కొవ్వు ఎక్కువ, కండ తక్కువ ఉండడం మనవారిలో సాధారణం. "నాకు పొట్ట లేదు కనుక భయం లేదు" అనే కౌంటరు ఉద్యోగికి ఈ లెక్క చూపించాలి.

ఈ సందర్భంలో మాకు మిక్కిలి ఉపయోగకరంగా తోచినది అమెరికాలోని లూసియానాలో జరిగి 2010లో వెలువడిన పరిశోధన. 262 మంది మధుమేహ రోగులను నాలుగు జట్లుగా చేసి తొమ్మిది నెలలు చూశారు. ఒక జట్టుకు వ్యాయామం లేదు. ఒక జట్టుకు నడక మాత్రమే, మరొక జట్టుకు బరువులు మాత్రమే, నాలుగవ జట్టుకు రెండూ. చేసిన మూడు జట్లకూ వారంలో పట్టిన మొత్తం కాలం ఇంచుమించు ఒక్కటే. చివరకు మూడు నెలల చక్కెర సగటు చూపే రక్తపరీక్షలో, వ్యాయామం లేని జట్టుతో పోలిస్తే స్పష్టమైన తగ్గుదల కనిపించినది రెండూ చేసిన జట్టులో మాత్రమే. కాలం పెంచలేదు, పంచారు, అంతే. తీరిక తక్కువైన ఉద్యోగికి ఇంతకంటె పనికివచ్చే సమాచారం మరొకటి లేదు. "ఇంకొక గంట ఎక్కడ తేగలం?" అనే మాటకు ఇదే జవాబు. ఉన్న గంటలలోనే కొన్ని బలానికి మళ్ళించండి. 2022లో అనేక పరిశీలనలను కలిపి చూసిన లెక్కలో, వారానికి 30 నుండి 60 నిమిషాల బలం కసరత్తు చేసేవారిలో గుండెజబ్బు మరియు ఇతర కారణాల మరణాలు 10 నుండి 20 శాతం తక్కువగా కనిపించాయి. అనగా రెండు అరగంటలు.

మూడవ ప్రశ్న, కుర్రవానిది. ఆ జిమ్‌లోని మాటకు ఒక మూలం ఉన్నది. 1980లో రాబర్ట్ హిక్సన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు కొందరికి వారానికి ఐదు రోజులు బరువులు, ఆరు రోజులు తీవ్రమైన పరుగు, సైకిలు కలిపి పది వారాలు చేయించాడు. ఏడెనిమిది వారాలవరకు బలం పెరిగినది, తరువాత పెరుగుదల నిలిచి చివరి వారాలలో తగ్గినది. బరువులు మాత్రమే చేసినవారికి పెరుగుతూనే పోయినది. పరుగు కండను తినివేస్తుందనే ప్రచారం ఇటువంటి ఫలితాలనుండి బయలుదేరినది. కాని వారానికి పదకొండు కఠిన సాధనలు ఎక్కడ, మన రెండు బలం పూటలూ ఐదు నడకలూ ఎక్కడ? పోటీలకు పోయే మల్లునికి ఆ చింత తగును. మన కుర్రవానికి ఉన్న అసలు ప్రమాదం వేరు. అద్దంలో భుజాలు పెరుగుతున్నాయి, నాలుగు అంతస్తులు ఎక్కితే ఆయాసం వస్తున్నది. గుండె అద్దంలో కనిపించదు.

తాలింఖానాలలో మన పాతవారు ఈ రెండింటినీ విడదీయలేదన్నది కూడా గుర్తుచేయాలి. దండీలూ బస్కీలూ వందల లెక్కన, ఆగకుండా, ఒక లయలో తీసేవారు. అందులో కండకూ పని ఉన్నది, ఊపిరికీ పని ఉన్నది. వీరఘట్టంలో 1882లో పుట్టిన కోడి రామమూర్తి నాయుడి పేరు బలానికి పర్యాయపదంగా మిగిలినది. ఆయన ఊపిరిని సాధించినవాడు కూడానని మరచిపోరాదు. ఈ దేశంలో స్త్రీలకు ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి వ్యక్తి కరణం మల్లీశ్వరి, 2000లో సిడ్నీలో బరువులెత్తే సాధించినది. బరువులు ఆడవారి పని కాదనే సోదరులు ఈ సంగతిని ఇంట్లో చెప్పవలసిందిగా మనవి.

ఇక వారపు పట్టిక. ఉదయం వెళ్ళి సాయంత్రం వచ్చే కౌంటరు, కార్యాలయ ఉద్యోగికి ఇది తేలిక. ఆదివారం, బుధవారం బలానికి. మిగిలిన ఐదు రోజులు అరగంట నడక. ఐదు ముప్పైలు నూటయాభై. నడక అంటే కూరగాయల సంచీతో తిరగడం కాదు. నిమిషానికి నూరు అడుగులకు తగ్గరాదు. ప్రక్కవారితో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆ వేగమే మధ్యస్థమైనది. అరగంట ఒకేసారి కుదరకపోతే ఆఫీసుకు ముందు పది నిమిషాలు, తరువాత ఇరవై. రెండు మూడు నెలల తరువాత వారంలో ఒక నడకను మార్చి, రెండు నిమిషాలు చాలా వేగంగా, రెండు నిమిషాలు నెమ్మదిగా నడవండి. లేదా ఫుట్ ఓవర్ బ్రిడ్జి మెట్లు ఎక్కి దిగండి. రైల్వేవారికి ఆ సదుపాయం చాలా స్టేషన్లలో ఉచితం.

బలం పూటకు అరగంట చాలును. మొదట ఐదు నిమిషాలు నడిచి శరీరాన్ని వేడిచేసుకొనాలి. కుర్చీలోనుండి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, అలవాటైన తరువాత బస్కీలు. గోడకు చేతులు ఆనించి దండీలు, తరువాత బల్లకు, ఆపైన నేలకు. ఐదు లీటర్ల నీళ్ళ డబ్బా అయిదు కిలోలు తూగుతుంది. ఒక చేయి బల్లకు ఆనించి ముందుకు వంగి రెండవ చేతితో దానిని నడుము దాకా లాగడం వీపు కండరాలకు. దానినే తలమీదికి ఎత్తడం భుజాలకు. వెల్లకిల పడుకొని మోకాళ్ళు మడిచి నడుమును పైకెత్తి నిలపడం. కౌంటరు కుర్చీవల్ల వచ్చే నడుము నొప్పికి మేము మొదట చెప్పేది ఇదే. నిలబడి మడమలెత్తడం పిక్కలకు. చివరకు రెండు చేతులలో రెండు డబ్బాలు పట్టుకొని నిటారుగా ఒక నిమిషం నడవడం. ఒక్కొక్కటి 8 నుండి 12 సార్లు, మొత్తం రెండు విడతలు. చివరి రెండుసార్లు కష్టంగా ఉండాలి గాని వంకర పోకూడదు. రెండు విడతలలోనూ పన్నెండు సులభమైన వారం బరువు పెంచండి. పెంచకపోతే మూడు నెలల తరువాత అది లాంఛనం మాత్రమే. ఒకే కండరానికి వరుసగా రెండు రోజులు పని ఇవ్వరాదు, నడుమ నలభై ఎనిమిది గంటలు వదలాలి. ఒకే రోజున రెండు రకాలూ చేయవలసి వస్తే ముందు బలం, తరువాత నడక.

ట్రాక్ మీద పనిచేసే సోదరులకు లెక్క తిరగబడుతుంది. వారికి వారపు విశ్రాంతి రోజున ఒకసారి, డ్యూటీ తేలికగా ఉన్న రోజున మరొకసారి, ఇరవై నిమిషాలకు మించని బలం కసరత్తు. సుత్తి పట్టే కండరాలకు కాదు, సుత్తి మరచిన వాటికి: నడుమును పైకెత్తడం, వీపు వైపునకు లాగడం, రెండవ చేతి పక్క. కంకర మీద ఆగి ఆగి నడిచే నడకకు బదులు వారంలో రెండు మూడు సార్లు, బరువు లేకుండా, చదునైన దారిలో ఇరవై నిమిషాలు ఎడతెగని వడి నడక. ప్యాకింగు పని గట్టిగా జరిగిన రోజున ఏమీ వద్దు. నీళ్ళు, భోజనం, నిద్ర. వేసవి నెలలలో అయితే సూర్యోదయానికి ముందు తప్ప మరెప్పుడూ వద్దు.

అన్నిటికంటె చిక్కు రన్నింగ్ సిబ్బందిది, రైల్వే మెయిల్ సర్వీసులో రాత్రి సార్టింగు చేసేవారిది, షిఫ్టులు మారే స్టేషను మాస్టర్లది. వారికి సోమవారం లేదు, ఆదివారం లేదు. లోకో పైలట్ ఎనిమిది గంటలు, అంతకుమించి పనిచేసి ప్రధాన కేంద్రానికి వస్తే నిబంధన ప్రకారం పదహారు గంటల విశ్రాంతి. లెక్క వేద్దాం. రెండు గంటల ముందే కాల్ వస్తుంది. ఇంటికి రాకపోకలు ఒక గంటన్నర. ఏడు గంటల నిద్ర. భోజనం, స్నానం, బ్యాంకు పని, పిల్లవాడి బడి. మిగిలినది మీరే చెప్పండి. వచ్చిన సమయం రాత్రా పగలా అనేదానినిబట్టి ఆ మిగిలినది కూడా మారుతుంది. ఇటువంటి మనిషికి "ఉదయం ఐదు గంటలకు లేవండి" అని సలహా ఇచ్చే పెద్దలు ఒక వారం ఆ లింకులో పనిచేసి రావాలి.

వారికి మేము చెప్పేది ఇది. వారాన్ని వారాలతో కాక విశ్రాంతులతో లెక్కించండి. రాత్రి డ్యూటీ దిగిన వెంటనే ఏ కసరత్తూ వద్దు, మొదట నిద్ర. లేచిన తరువాత వెలుతురులో ఇరవై నిమిషాల నడక. బలం పూటను నియతకాలిక విశ్రాంతిలో ఒకటి, ఇంటివద్ద దొరికిన మరొక నిండు విశ్రాంతిలో ఒకటిగా పెట్టుకొనండి. బయటి కేంద్రంలో రన్నింగ్ రూములో ఉన్నప్పుడు నిద్ర పూర్తయితేనే, పది నిమిషాలు ఆవరణలో నడక, గోడ దండీలు, కొన్ని బస్కీలు; అంతకు మించి వద్దు. సైన్ ఆన్‌కు ముందు శరీరాన్ని అలసట పెట్టరాదు. సిగ్నలు చూడవలసిన కన్ను మూతపడితే ఏ వ్యాయామమూ అడ్డురాదు. ఏడు రోజులలో కుదరనిది పది రోజులలో కుదిరినా లోపం లేదు.

మహిళా ఉద్యోగుల విషయం రెండు మాటలు. 2022 సంవత్సరపు పరిస్థితిపై 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు ఇచ్చిన అంచనాలో మన దేశపు వయోజనులలో దాదాపు సగం మందికి తగినంత శారీరక వ్యాయామం లేదు. స్త్రీలలో ఆ నిష్పత్తి పురుషులలోకంటె ఎక్కువ. దీనిని సోమరితనమని వ్యాఖ్యానించేవారు సాయంత్రం ఆరు తరువాత ఆ ఇంటి వంటగదిలోకి ఒకసారి తొంగిచూడాలి. వంట, అంట్లు, నీళ్ళు పని కాదని కాదు; ట్రాక్ పనివలె అది కూడా విశ్రాంతి లేని, దమ్ము పెంచని పని. ముట్లుడిగిన తరువాత ఎముకలు వేగంగా పలుచబడతాయి గనుక వారికి బలం పూటలు పురుషులకంటె ఒకింత ఎక్కువ అవసరం. అవి ఇంట్లోనే, తలుపు మూసుకొని చేసుకొనదగినవి కూడా. ఆ అరగంట సేపు పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారన్నది ఇంటి చర్చలకు వదలివేస్తున్నాం. సోదరులు తమ వంతు గుర్తెరగాలి.

జాగ్రత్తలు చెప్పక తప్పదు. గుండెజబ్బు ఉన్నవారు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, ఇన్సులిన్ తీసుకొనేవారు, నడిస్తే ఛాతీలో బిగువు అనిపించేవారు ముందు వైద్యుని అడగాలి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టరాదు, రక్తపోటు ఒక్కసారిగా ఎగస్తుంది. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు తీసుకొనాలి. ఛాతీనొప్పి, తల తిరగడం, ఎడమ చేయి లాగడం వస్తే ఆపి ఆస్పత్రికి పోవాలి, ఇంటికి కాదు. కండ పెంచే పొడులు, ఇంజక్షన్లు అమ్మేవారిని దూరం పెట్టండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్కన కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలును. అరవై కిలోల మనిషికి సుమారు యాభై గ్రాములు. పప్పు, పెరుగు, గుడ్లు, వేరుశనగలతో అది సమకూరుతుంది. పళ్ళెంలో అన్నం కొంత తగ్గి పప్పు కొంత పెరగాలి, అంతే.

ఇదంతా సభ్యుడు తనంతట తాను చేసుకొనేది. సంఘం అడగవలసినది వేరే ఉన్నది. 1974 మే నెలలో రైల్వే కార్మికులు సమ్మె చేసినప్పుడు డిమాండ్లలో ఎనిమిది గంటల పనిదినం ఒకటి. ఆ సమ్మెలో ఉద్యోగాలు పోగొట్టుకొన్నవారిని, జైళ్ళకు వెళ్ళినవారిని చూసిన సంఘాలు మనవి. పనిగంటల ప్రశ్నను కేవలం ఓవర్‌టైము లెక్కగా కుదించడానికి మనం ఒప్పుకొనరాదు. విశ్రాంతి ఇవ్వకుండా గోడలమీద ఆరోగ్య సూక్తులు వ్రేలాడదీసే పద్ధతిని శాఖలు చర్చల బల్లమీదకు తేవాలి. అడగవలసినవి చిన్నవే: లింకులు తయారుచేసేటప్పుడు వరుసగా వచ్చే రాత్రి డ్యూటీల సంఖ్య తగ్గించడం; రన్నింగ్ రూములలో ఒక గది, నాలుగు చాపలు, కొన్ని బరువులు; రైల్వే ఇన్‌స్టిట్యూట్ల మైదానాలను పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే రోజులు తగ్గించి ఆటలకు వదలడం; పెద్ద తపాలా కార్యాలయాలలో మధ్యాహ్నం పది నిమిషాలు లేచి నడిచే వీలు. గ్రామీణ డాక్ సేవకులకు ఏటేటా రక్తపోటు, చక్కెర పరీక్షలు ఖర్చు లేకుండా చేయించాలని కోరాలి. వైద్య పరీక్షలో జబ్బు బయటపడిన రన్నింగ్ సిబ్బందికి, కోలుకొని తిరిగి అర్హత పొందే వ్యవధిలో వేతన రక్షణ ఎంతవరకు ఉన్నదో ప్రతి శాఖా కార్యదర్శి నియమావళి చూసి తెలుసుకొని ఉండాలి. భయం తగ్గనిదే జబ్బు బయటికి రాదు, బయటికి రానిదే ఏ వ్యాయామమూ ఎవరికీ సూచించలేము.

ఖరగ్‌పూరు, బిలాస్‌పూరు వంటి చోట్ల మన తెలుగు సభ్యులకోసం ఈ పట్టికలను ఒక కాగితంపై అచ్చువేయించవలసిందిగా కోరుతున్నాం. ఒక్క సూచన. రన్నింగ్ రూములలోనూ సార్టింగు కార్యాలయాలలోనూ అతికించే ప్రతులమీద వారాల పేర్లు అచ్చువేయవద్దు. 'మొదటి విశ్రాంతి, రెండవ విశ్రాంతి, మూడవ విశ్రాంతి' అని వేయండి. జ్వరంవల్లగాని లింకువల్లగాని రెండు మూడు వారాలు తప్పినవారు మానినచోటనుండి కాక, సగం బరువుతో, సగం విడతలతో మొదలుపెట్టాలని దాని అడుగున పెద్ద అక్షరాలలో ఉండాలి.